కళాసంస్థలకు ప్రభుత్వ గ్రాంట్లు: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మల్లేశ్వరంలో కూచిపూడి నేర్పే టీచరుగారు, మారతహళ్ళిలో శని ఆదివారాలు పద్యనాటకం రిహార్సల్స్ వేసుకునే ఉద్యోగులు, చిన్న సంగీత సభ నడిపే పెద్దాయన. ఎవరితో గ్రాంటు మాటెత్తినా దాదాపు ఇవే సందేహాలు వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. కింద ఇచ్చిన మొత్తాలు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పథకాలవి. అర్జీ వేసే ఏడాది వచ్చిన ప్రకటనతో ఒకసారి సరిచూసుకోండి.

## అర్జీ ఆలోచన వచ్చినప్పుడు

మా సంస్థ అద్దె, కరెంటు బిల్లు, ఆఫీసు ఖర్చులకు ప్రభుత్వం ఏటా డబ్బు ఇస్తుందా?

చిన్న సంస్థకు, ఏ పనికైనా వాడుకొమ్మని ఏటా ఇచ్చే గ్రాంటు లేదు. కేంద్రం ‘కళా సంస్కృతి వికాస్ యోజన’ పేరుతో కొన్ని పథకాలు నడుపుతోంది. వాటిలో నిర్వహణ ఖర్చుకు కాస్త దగ్గరగా వచ్చేది రెపర్టరీ గ్రాంటు. గురువుకూ శిష్యులకూ నెలనెలా ఇచ్చే భృతి అది. ఉత్సవాలకు, కొత్త ప్రదర్శనలకు ఇచ్చే గ్రాంటు వేరే ఉంది. జాతీయ స్థాయి సంస్థలకు మామూలుగా కోటి రూపాయల వరకు ఇచ్చే పథకం కూడా ఉంది. కానీ దానికి దేశమంతటా కార్యకలాపాలుండాలి, గత 5 ఏళ్ళలో కనీసం 3 ఏళ్ళు కోటికి పైగా సాంస్కృతిక పనుల మీద ఖర్చు పెట్టి ఉండాలి. మనలో చాలామందికి అది అందేది కాదు. అద్దె, కరెంటు, వాచ్‌మన్ జీతం మాత్రం ఫీజులతోనో, విరాళాలతోనో, చందాలతోనో గడవాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెపర్టరీ గ్రాంటులో ఎవరికి ఎంత వస్తుంది?

గురువుకు నెలకు 15,000 రూపాయలు. శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 వరకు. నాటక బృందమైతే ఒక గురువుకు ఎక్కువలో ఎక్కువ 18 మంది శిష్యులు, సంగీతం, నృత్యం అయితే 10 మంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ డబ్బు సంస్థది కాదు, ఆ గురువుది, ఆ పిల్లలది. శిష్యుల ఖాతాలో 10,000 పడ్డాక, అందులో 6,000 ‘సంస్థ అభివృద్ధికి’ అని వెనక్కి తీసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది తప్పు. పట్టుబడితే సంస్థ పేరు పోతుంది, పట్టుబడకపోయినా ఆ పిల్లల నమ్మకం పోతుంది. హోసూరు నుంచో దొడ్డబళ్ళాపురం నుంచో రెండు బస్సులు మారి రిహార్సల్‌కి వచ్చే కుర్రాడికి ఆ 10,000 అంటే ఇంట్లో ‘నాటకాలు మానెయ్’ అనకుండా ఆపే డబ్బు. అది పూర్తిగా అతని చేతికే చేరాలి.

ఉత్సవానికి, కొత్త నృత్యరూపకానికి ఎంత వరకు ఇస్తారు?

ఉత్సవాలు, సదస్సులు, వర్క్‌షాపులు, నాటక, నృత్య, సంగీత ప్రదర్శనల తయారీకి ఒకే పథకం ఉంది. మామూలు పరిమితి 5 లక్షలు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు వెళ్ళవచ్చు. మొత్తం ఖర్చులో 75 శాతానికి మించి ఇవ్వరు. మిగతా పాతిక శాతం మీరు తెచ్చుకోవాలి.

జోనల్ సెంటర్ వాళ్ళ గురుశిష్య పరంపర, రెపర్టరీ గ్రాంటు ఒకటేనా?

రెండూ వేరు. పేరులో గురుశిష్య పరంపర ఉండటంతో చాలామంది కలగాపులగం చేస్తారు. రెపర్టరీ గ్రాంటుకు సంస్థ అర్జీ పెట్టాలి, డబ్బు మంత్రిత్వ శాఖ నుంచి వస్తుంది. జోనల్ పథకాన్ని మన ప్రాంతానికి తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం నడుపుతుంది. అందులో గురువుకు నెలకు 7,500, పక్కవాయిద్య కళాకారుడికి 3,750, శిష్యుడికి 1,500. ముఖ్యంగా అంతరించిపోతున్న కళారూపాల కోసం పెట్టిన పథకం అది. తోలుబొమ్మలాట, బుర్రకథ వంటివి తెలిసిన పెద్దలు మీ ఎరుకలో ఉంటే ఇది వాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది.

మాది ఇంట్లో నడిచే డాన్స్ క్లాసు. రిజిస్ట్రేషన్ లేదు. అర్జీ పెట్టవచ్చా?

పెట్టలేరు. సొసైటీగానో ట్రస్టుగానో నమోదై, మూడేళ్ళుగా పని చేస్తున్న సంస్థలకే ఈ గ్రాంట్లు. అందుకే గ్రాంటు కావాల్సిన ఏడాది కాకుండా ఇప్పుడే నమోదు చేసుకోండి. లెక్కలు మొదటి రోజు నుంచీ రాయండి. పది మంది పిల్లలతో మొదలైన క్లాసుకు కూడా క్యాష్ బుక్ ఉండాలి.

ఈలోగా వ్యక్తిగతంగా వచ్చేవి చూసుకోవచ్చు. 18 నుంచి 25 ఏళ్ళ మధ్య ఉన్న మీ సీనియర్ శిష్యులకు కేంద్రం యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది, నెలకు 5,000 చొప్పున రెండేళ్ళు. పరిశోధన చేసేవారికి జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, సీనియర్ ఫెలోషిప్ 20,000.

సొసైటీ మంచిదా, ట్రస్టు మంచిదా?

గ్రాంటు వరకు రెండూ చెల్లుతాయి. కర్ణాటకలో సొసైటీకి 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది, కనీసం ఏడుగురు సభ్యులుండాలి. నమోదు చేసేది సహకార శాఖ కింద ఉండే జిల్లా సొసైటీల రిజిస్ట్రార్. ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా, ఆడిట్ లెక్కలు తప్పవు. ట్రస్టు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజుతో అయిపోతుంది, ఇద్దరు ముగ్గురితోనే నడుస్తుంది. నా మట్టుకు నేను నాటక సమాజానికి సొసైటీయే మంచిదంటాను. పది మంది కలిసి నడిపే పని పది మంది పేరు మీదే ఉండాలి.

తెలుగు సంస్థకు కర్ణాటక ప్రభుత్వం ఇవ్వదంటారు. నిజమేనా?

కేంద్ర పథకాల్లో ఏ భాషా సంస్థ అన్న పట్టింపు లేదు. తెలుగు నాటకమైనా, కూచిపూడి అయినా అర్జీ పెట్టుకోవచ్చు. రాష్ట్రం సంగతి వేరు. జె.సి. రోడ్డులో కన్నడ భవనంలో ఉండే కన్నడ, సంస్కృతి శాఖ పుట్టిందే కన్నడ భాషనూ కర్ణాటక కళలనూ పోషించడానికి. కాబట్టి పూర్తిగా తెలుగు కార్యక్రమానికి వాళ్ళు ముందు వరుసలో చోటిస్తారని ఆశించడం న్యాయం కాదు.

కానీ మన దగ్గర ఇచ్చేది లేకపోలేదు. కన్నడ హరిదాసుల పదాలకు కూచిపూడి నృత్యం కట్టవచ్చు. కైవారం తాతయ్యగా పేరుపడ్డ నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడాడు. ఆయన మీద రెండు భాషల రూపకం వేస్తే అది ఎంత తెలుగుదో అంత కర్ణాటకది. బాగేపల్లి, చింతామణి, కోలారు వైపు ఊళ్ళలో ఇంటి భాష తెలుగే అయిన కుటుంబాలు బోలెడు. అక్కడ ఉచిత ప్రదర్శన పెడితే చూసేవాళ్ళకు కొదవుండదు. ఇవన్నీ అర్జీ కోసం వేసే వేషాలు కాకూడదు, నిజంగా ఇష్టపడి చేయాలి. ఇష్టంతో చేసిందీ లేనిదీ వేదిక మీద తెలిసిపోతుంది.

రాష్ట్ర శాఖకు పెట్టే అర్జీ, దానితో పెట్టే ఉత్తరం కన్నడంలో ఉంటే మేలు. అనువాదం యంత్రానికి వదలకుండా, కన్నడం బాగా తెలిసిన సభ్యుడితో రాయించండి. శాఖ సేవలు చాలా మటుకు రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల పోర్టల్ సేవా సింధులోనే నడుస్తాయి కాబట్టి సంస్థ పేరుతో లాగిన్ ఒకటి ముందే చేసిపెట్టుకోండి.

గుడి ఆవరణలో నడిచే సంస్థకు, స్కూలు నడిపే ట్రస్టుకు వస్తుందా?

ఉత్సవ, ప్రదర్శన గ్రాంటులో మతసంస్థలు, పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, మ్యూజియంలకు చోటు లేదు. గుడి హాలు అద్దెకు తీసుకుని కచేరీ పెట్టడం వేరు, గుడి ట్రస్టే అర్జీ పెట్టడం వేరు. రెండో పక్షంలో కళ కోసం విడిగా సొసైటీ పెట్టుకోవడమే దారి.

## అర్జీ రాసేటప్పుడు

ఏయే కాగితాలు చేతిలో ఉండాలి?

రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, సంస్థ పాన్, మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, వార్షిక నివేదికలు, ప్రస్తుత కార్యవర్గం జాబితా, అర్జీ పెట్టమని కార్యవర్గం చేసిన తీర్మానం, సంస్థ పేరున ఉన్న బ్యాంకు ఖాతా వివరాలు. వీటికి తోడు నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్లో నమోదు సంఖ్య, డబ్బు విడుదల కోసం పీఎఫ్ఎంఎస్ (కేంద్రం చెల్లింపులు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు.

ఎక్కువగా చిక్కొచ్చేది పేరు దగ్గర. రిజిస్ట్రేషన్‌లో ‘శ్రీ’ ఉంటుంది, పాన్‌లో ఉండదు. బ్యాంకులో ‘ట్రస్టు’ తగిలిస్తారు, దర్పణ్‌లో వదిలేస్తారు. నాలుగు చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకే పేరు ఉందో లేదో ముందే చూసుకోండి. పాన్ సవరణకే వారాలు పట్టవచ్చు.

పాత కార్యక్రమాల రుజువులు ఏం పెట్టాలి?

ఆహ్వానపత్రికలు, కరపత్రాలు, పేపర్ కటింగులు, తేదీ కనిపించే ఫోటోలు, హాలు బుకింగ్ రసీదులు. పూలదండల ఫోటోలు ఇరవై పెట్టేకంటే వేదిక మీద కళాకారులు, ఎదురుగా ప్రేక్షకులు కనిపించే ఫోటో ఒక్కటి మేలు. సన్మానాల జాబితా ఎంత పొడుగైనా మీ పని గురించి చెప్పదు. ఈ మూడేళ్ళలో ఏం వేశారు, ఎక్కడ వేశారు, ఎవరు నేర్చుకున్నారు, వాళ్ళిప్పుడేం చేస్తున్నారు అన్నది రెండు పేజీల్లో రాయండి.

బడ్జెట్ పెంచి చూపితే కోతలు పోగా సరిపడా వస్తుందంటున్నారు. అలా చేయాలా?

చేయకండి. పెంచి చూపిన అంకెలో పాతిక శాతం మీ వాటాగా మీరే నిజంగా ఖర్చు పెట్టి చూపాలి.

ఒక ఉదాహరణ చూడండి. నృత్యరూపకానికి నిజంగా అయ్యే ఖర్చు 4,00,000 అనుకుందాం. గ్రాంటు ఎక్కువలో ఎక్కువ 3,00,000, మీ వాటా 1,00,000. ఆ 3,00,000 కూడా ఒకేసారి రాదు. మొదటి విడత 75 శాతం, అంటే 2,25,000. మిగతా 75,000 ప్రదర్శన అయ్యి, లెక్కలిచ్చాకే. అంటే తెర లేచే రోజుకు మీ దగ్గర సొంతంగా 1,75,000 ఉండాలి. అదే బడ్జెట్‌ని 6,00,000కు పెంచి, గ్రాంటు 4,50,000 మంజూరైతే మీ వాటా 1,50,000 అవుతుంది, చివరి విడతగా ఆగేది 1,12,500. 4,00,000లో అయ్యే పనికి 6,00,000 బిల్లులు ఎక్కడి నుంచి తెస్తారు? దొంగ బిల్లులు మొదలయ్యేది అక్కడే.

ఇంకో మాట. బడ్జెట్లో పారితోషికాలు సిగ్గుపడి తగ్గించకండి. మృదంగం ఆయనకు, వయొలిన్ అమ్మాయికి, లైటింగ్ చేసేవాళ్ళకు బయట ఎంత ఇస్తారో అంతే వేయండి. ‘మనవాళ్ళే కదా, ఎంతిచ్చినా తీసుకుంటారు’ అనే మాటతోనే పక్కవాయిద్యాల వాళ్ళు ఎన్నో ఏళ్ళు నష్టపోయారు.

మా అధ్యక్షురాలే గురువు. ఆవిడకు పారితోషికం ఇవ్వవచ్చా?

చేసిన పనికి తగినంత ఇవ్వడం తప్పు కాదు. అయితే ఆ మొత్తాన్ని ఆవిడ లేని చర్చలో మిగతా కార్యవర్గం నిర్ణయించాలి, మినిట్స్ పుస్తకంలో రాయాలి. కార్యవర్గమంతా ఒకే కుటుంబమైతే, అర్జీకి ముందే బయటివాళ్ళను ముగ్గురినైనా చేర్చుకోండి. సంస్థకూ మంచిదే.

ఒకాయన పది శాతం ఇస్తే గ్రాంటు తెప్పిస్తానంటున్నారు. నమ్మవచ్చా?

వద్దు. అర్జీలను చూసేది నిపుణుల కమిటీ. గ్రాంటులో కమీషన్ అనే పద్దు ఎక్కడా ఉండదు, ఆ డబ్బుకు మీరు మళ్ళీ దొంగ బిల్లు పెట్టాల్సిందే. అర్జీ రాయడానికి సాయం కావాలంటే రాసినందుకు ముందే మాట్లాడుకున్న ఫీజు, మీ సొంత డబ్బులోంచి ఇవ్వండి.

12ఏబీ, 80జీ లేకపోతే?

అవి ఆదాయపన్నుకు సంబంధించినవి. 12ఏబీ ఉంటే సంస్థ ఆదాయానికి మినహాయింపు, 80జీ ఉంటే మీకు విరాళం ఇచ్చినవారికి మినహాయింపు. గ్రాంటుతో పాటు విరాళాలూ సేకరించాలంటే రెండూ తెచ్చుకోవడమే తెలివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. రసీదు పుస్తకం అచ్చు వేయించే ముందు ఆడిటర్‌కు చూపించండి.

## మంజూరయ్యాక

మంజూరు అవుతుందని ఫోనులో చెప్పారు. హాలుకు అడ్వాన్సు ఇచ్చేయాలా?

మంజూరు ఉత్తర్వు కాగితం చేతికొచ్చే దాకా గ్రాంటును నమ్ముకుని అడ్వాన్సులు ఇవ్వకండి. రవీంద్ర కళాక్షేత్రమో, చౌడయ్య హాలో ఆ తేదీకి దొరకదన్న భయం నిజమే. కానీ ఆ అడ్వాన్సు పోయినా తట్టుకోగలం అనుకుంటేనే ఇవ్వండి.

కాస్ట్యూమ్స్ పద్దులో మిగిలింది సౌండ్‌కి వాడుకోవచ్చా?

ఉత్తర్వులో ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. మార్పు తప్పనిసరైతే ఖర్చు పెట్టకముందే లిఖితపూర్వకంగా అనుమతి అడగండి. మిగిలిన డబ్బు తిరిగి కట్టాలి.

మేకప్ ఆయన, డప్పు కళాకారులు బిల్లు ఇవ్వరు. లెక్క ఎలా చూపాలి?

వాళ్ళ దగ్గర బిల్లు పుస్తకం ఉండదు, ఉండాలనడమూ సబబు కాదు. ఆ కాగితం తయారు చేసే పని సంస్థదే. ముందే అచ్చు వేయించిన వోచర్లు ఒక ఫైల్లో పెట్టుకుని గ్రీన్‌రూమ్‌కి వెళ్ళండి. ప్రదర్శన పేరు, తేదీ, హాలు, చేసిన పని, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, ఆయన పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం ఉండాలి. 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించండి. సంతకం రాకపోతే వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం. ఇదంతా ఆ రాత్రే అయిపోవాలి. మర్నాడు పొద్దున్నకల్లా ఆయన హిందూపురం బస్సెక్కేసి ఉంటాడు.

డబ్బు వీలైనంత వరకు సంస్థ ఖాతా నుంచే పంపండి. కార్యదర్శి తన సొంత ఫోన్‌పేతో ఇచ్చేసి తర్వాత సంస్థ దగ్గర తీసుకోవడం మనవాళ్ళకు బాగా అలవాటు. మనసు మంచిదే కానీ ఆడిట్‌లో ఆ ఖర్చు కార్యదర్శి సొంత ఖర్చులాగే కనిపిస్తుంది.

కళాకారుల పారితోషికం మీద జీఎస్టీ పడుతుందా?

శాస్త్రీయ, జానపద సంగీతం, నృత్యం, నాటకం చేసే కళాకారుడికి ఒక్కో ప్రదర్శనకు 1,50,000 దాటనంత వరకు మినహాయింపు ఉంది. టీడీఎస్ కోయాలా వద్దా అన్నది వేరే విషయం, చెల్లించకముందే ఆడిటర్‌ను అడగండి.

గ్రాంటు ఖాతాలో పడ్డ వడ్డీ మాదేనా?

కాదు. సాధారణ ఆర్థిక నియమాలు 2017 ప్రకారం గ్రాంటు మీద వచ్చిన వడ్డీ ప్రభుత్వానికే కట్టాలి. అందుకే గ్రాంటుకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా పెడితే లెక్క తేలిక.

గ్రాంటుతో కొన్న వీణ, లైట్లు తర్వాత అమ్ముకోవచ్చా?

అనుమతి లేకుండా కుదరదు. కొన్న ప్రతి వస్తువునూ ఆస్తుల రిజిస్టర్లో ఎక్కించి, దాని మీద నంబరు వేయండి.

## లెక్కలు అప్పజెప్పేటప్పుడు

యూసీ అంటే ఏమిటి? ఎప్పటిలోగా ఇవ్వాలి?

వినియోగ ధ్రువపత్రం. ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని సంస్థ ఇచ్చే హామీ. నమూనా పేరు జీఎఫ్ఆర్ 12ఏ. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా ఇవ్వాలని నియమం. కానీ అంతవరకు ఆగితే మీ రెండో విడత, వచ్చే ఏడాది అర్జీ రెండూ ఆగుతాయి. ప్రదర్శన అయిన నెలలోనే వోచర్లన్నీ ఆడిటర్ చేతికిచ్చేయండి. యూసీతో పాటు ఖర్చుల పట్టిక, కార్యక్రమ నివేదిక, ఫోటోలు, వీడియో పెట్టండి.

తనిఖీకి ఎవరైనా వస్తారా?

రావచ్చు. గ్రాంటు తీసుకున్న సంస్థ లెక్కలు చూసే అధికారం మంజూరు చేసిన శాఖకూ, కాగ్‌కూ ఉంది. రెపర్టరీ గ్రాంటైతే శిష్యుల హాజరు పుస్తకం రోజూ రాయండి. నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపిన పుస్తకాన్ని చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది.

లెక్కలిచ్చి చాలాకాలమైంది, రెండో విడత రాలేదు. ఏం చేయాలి?

ముందు పీఎఫ్ఎంఎస్‌లో సంస్థ ఖాతా ఇంకా చెల్లుబాటులో ఉందా చూడండి. బ్యాంకు విలీనమై ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారడం వంటి చిన్న కారణంతో కూడా డబ్బు ఆగుతుంది. తర్వాత మంజూరు ఉత్తర్వు నంబరు వేసి ఈమెయిల్ రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఫైలు స్థితి అడగవచ్చు. అది మీ హక్కు, దానికి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

## గ్రాంటుకు తోడుగా

బెంగళూరులో ఇన్ని కంపెనీలున్నాయి. సామాజిక బాధ్యత కింద అవి ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బు మాకు వస్తుందా?

రావచ్చు. కంపెనీల చట్టం 2013లోని ఏడో షెడ్యూల్లో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి ఉన్నాయి. సంస్థకు 12ఏబీ, 80జీ, మూడేళ్ళ అనుభవం, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. మీ పిల్లల తల్లిదండ్రుల్లో సగం మంది ఆ కంపెనీల్లోనే పని చేస్తుంటారు. మొదటి మాట వాళ్ళతో కదపండి.

అమెరికాలో ఉన్న మా పాత విద్యార్థి విరాళం పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?

అతను ఇంకా భారత పౌరుడే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసి ఫైల్లో పెట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. మొహమాటపడకుండా ముందే అడిగేయండి.

మా హార్మోనియం మాస్టారికి డెబ్బై దాటాయి. సంస్థ తరఫున ఆయనకేమైనా చేయగలమా?

చేయగలరు. 60 ఏళ్ళు దాటి, ఆదాయం తక్కువగా ఉన్న వృద్ధ కళాకారులకు కేంద్రం నెలకు 6,000 వరకు ఇస్తుంది. అర్జీ ఆయన పేరు మీదే వెళ్ళాలి, కానీ దాన్ని నింపి పెట్టే మనిషి ఆయనకు దొరకడు. ఆ పని మీరు చేయండి. ఆధార్, వయసు, ఆదాయ ధ్రువపత్రాలు ముందు సిద్ధం చేయండి. ఆ తర్వాత పాత నాటకాల కరపత్రాలు, తేదీలున్న ఫోటోలు. ఆయన దగ్గర లేకపోతే నాటక పరిషత్తుల నిర్వాహకుల దగ్గర, తోటి నటుల ఇళ్ళలో దొరుకుతాయి. ఇద్దరు కుర్రాళ్ళను ఈ పనికి పెట్టి, దొరికిన ప్రతి కరపత్రాన్నీ స్కాన్ చేయించి ఒక కాపీ సంస్థ దగ్గర కూడా ఉంచండి.